ఎడమ తలుపు మీద విచారణ

తెనాలి కారు మెకానిక్కు ఆశీర్వాదానికి ఉన్నది ఒక్కటే జబ్బు. అడగటం. కారు ఎందుకు చెడిందో, ఎప్పుడు చెడిందో, చెడినప్పుడు అందులో ఎవరెవరున్నారో, వాళ్ళు ఆ పూట ఏం తిన్నారో తెలిస్తేగాని అతని చెయ్యి స్పానరు మీదికి పోయేది కాదు.

కాలవ గట్టున రేకుల షెడ్డు, షెడ్డు ముందు ఒక చెక్కబల్ల. కారు షెడ్డులోకి, కారుగల ఆసామి బల్ల మీదికి. ముందు ఆసామికి మరమ్మతు, ఆ తరవాతే కారుకి. ఒకసారి ఒక డాక్టరుగారు వచ్చి, ఇంజను దగ్గుతోందన్నారు.

"ఎన్నాళ్ళనించండి?"

"నాలుగు రోజులైంది."

"పొద్దుటి పూటా, సాయంత్రం పూటా?"

"పొద్దుటే."

"ఎక్కువ తిరిగొచ్చిన మర్నాడా, ఊరికే ఉన్న మర్నాడా?"

"రోగుల్ని నేనడిగే ప్రశ్నలన్నీ నన్నే అడుగుతావేంటయ్యా?" అని డాక్టరుగారు విసుక్కుంటే, "మనుషుల్ని అడగటానికి తమరున్నారు. పాపం దీన్నెవరు అడుగుతారండి?" అన్నాడు ఆశీర్వాదం.

టైరులో మేకు దిగితే ఎవరైనా మేకు పీకి పంక్చరు వేస్తారు. ఆశీర్వాదం ఆ మేకుని వెలుతురుకి ఎత్తి చూసి, "ఇది ఎద్దు లాడానిది. కొట్టి రెండు రోజులు కూడా కాలేదు. ఏ ఎద్దుదై ఉంటుంది?" అన్నాడట. అని ఊరుకోలేదు. సైకిలెక్కి పొన్నూరు రోడ్డంట మూడు ఊళ్ళు గాలించి, నాలుగో ఊళ్ళో కుంటుతున్న ఎద్దుని పట్టుకుని, దాని ఆసామికి మేకు అప్పజెప్పి వచ్చాడు. ఎద్దు కుంటడం మానేసింది. కారు తెచ్చినాయన మాత్రం బల్ల మీదే కూర్చుని ఉన్నాడు. ఆయన వెళ్ళాల్సిన పెళ్ళిలో అప్పటికి ఆఖరి బంతి కూడా లేచింది.

తన పెళ్ళిలోనూ అంతే. చర్చిలో పాస్టరు అయ్యగారు "ఈ సారాను నీ భార్యగా అంగీకరిస్తున్నావా?" అని అడిగితే, "ఆ మనిషిని అడిగారా అండి? ఏమంది?" అన్నాడు. సారా పాతికేళ్ళుగా ఆ మాట చెప్పుకుని నవ్వుతూనే ఉంది. "ఆయన ఇప్పటికీ ఔనని అన్లేదమ్మా. మా కాపరం ప్రశ్న మీదే నడుస్తోంది."

తెనాలి, బాపట్ల, రేపల్లె, ఈ మూడూళ్ళ కార్లవాళ్ళకీ అతనంటే అందుకే భయం. పనిలో అతనికి సాటి లేరు. కాని కారు అతని షెడ్డులో వదిలితే ఇంటి గుట్టు కూడా అక్కడే వదిలినట్టు. అన్ని సంగతులు కడుపులో పెట్టుకున్న మనిషి ఏ రోజు ఎవరి ముందు నోరు జారుతాడో ఎవరికి తెలుసు?

పంతొమ్మిదివందల అరవై ఎనిమిది ఎండాకాలంలో అలా భయపడ్డవాళ్ళలో అందరికంటే ఎక్కువ భయపడింది అంగలకుదురు సీతారావమ్మ.

ఆమె భర్త బసవేశ్వరరావు పెద్ద రైతు. మనిషి కూడా పెద్దే, రెండు ధాన్యం బస్తాలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినట్టు ఉండేవాడు. బాపట్లలో ఒక రిటైరైన ఓవర్సీరు దగ్గర దొరల కాలంనాటి నల్లకారు కొన్నాడు. దానికి డ్రైవరు యలమంద. అప్పటినించి పదకొండేళ్ళు సీతారావమ్మ వెనకసీట్లో కూర్చుని, యలమంద మెడ చూస్తూ ప్రయాణం చేసింది. అతని మెడ మీద ఎన్ని మడతలున్నాయో ఆమెకి తెలుసు. ఆ మెడకి అవతల, ఆ చక్రం తిప్పుతుంటే ఎలా ఉంటుందో మాత్రం తెలీదు. తెలుసుకోవాలన్న కోరిక పదకొండేళ్ళపాటు పెరిగి పెరిగి, ఆ ఏడు మాఘమాసంలో ఇక ఆగలేదు.

బసవేశ్వరరావు ప్రతి గురువారం పొద్దుటి పాసింజరుకి బాపట్ల వెళ్ళేవాడు. అక్కడి వ్యవసాయ కళాశాలలో కొత్త వరి వంగడాల గురించి మేష్టర్లతో వాదించి, గెలిచానని తనే తీర్మానించుకుని, సాయంత్రం బండికి తిరిగొచ్చేవాడు. ఆ మధ్యలో దొడ్డివైపు ఖాళీ కళ్ళంలో సీతారావమ్మ కారు తోలటం నేర్చుకునేది. చుట్టూ గడ్డివాములు, కనిపించేది కొంగలకే. పది గురువారాల్లో ముందుకి పోవటం వచ్చేసింది. పదకొండో గురువారం వెనక్కి రావటం మొదలుపెట్టింది.

యలమంద ఎడమపక్క కూర్చుని, తలుపు బార్లా తెరిచి, బయటికి వంగి వెనక్కి చూస్తూ, "రానివ్వండమ్మా... రానివ్వండి... నిదానంగా..." అంటున్నాడు.

"ఎంత దూరం ఉంది యలమందా?"

"చాలా ఉందమ్మా. రానివ్వండి... అమ్మా, ఆపండి! బ్రేకు, బ్రేకు!"

బ్రేకు మీద కాలు పడేలోపు తెరిచి ఉన్న తలుపు వెళ్ళి పశువుల కొట్టం రాటకి తగులుకుంది. కొట్టంలో గేదెలు లేచి నిలబడ్డాయి. ఆ తలుపు మళ్ళీ సరిగ్గా పడితే ఒట్టు. మూస్తే బొటనవేలంత సందు మిగిల్చి, మూసినవాళ్ళ మీదికే తిరిగొచ్చేది.

సాయంత్రం బసవేశ్వరరావు అది చూసి యలమంద మీద మండిపడ్డాడు. "విసిరి కొట్టావా?"

"లేదండి."

"మరెలా చెడింది?"

"తెలీదండి," అన్నాడు యలమంద నేల చూస్తూ.

"ఆశీర్వాదం తేలుస్తాడు. నీ చేతిమీదుగా చెడిందన్నాడో, ఆ రోజే తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళిపో!"

ఆయన లోపలికి వెళ్ళాక సీతారావమ్మ గొంతు తగ్గించి, "నేను చెప్పేస్తాను యలమందా," అంది.

"మీకు దణ్ణం పెడతానమ్మా, చెప్పకండి. చెబితే తాళంచెవి ఇనప్పెట్టెలోకి పోద్ది. మీకు ఇంకా మలుపులు రాలేదు."

"నీ ఉద్యోగం పోతే?"

"అదేదో తేలాక చూద్దారి."

మర్నాడు తలుపుని తాడుతో కట్టి తెనాలి తీసుకెళ్ళారు. గాజులు కొనుక్కోవాలని సీతారావమ్మ కూడా బయల్దేరింది. గాజులు ఆమె చేతికి అప్పటికే మోచేతిదాకా ఉన్నాయి. తలుపు దారి పొడుగునా టపటప కొట్టుకుంటుంటే ఊరి కుక్కలన్నీ తెనాలి పొలిమేర దాకా సాగనంపాయి.

ఆశీర్వాదం తాడు విప్పాడు. పిడి పట్టుకుని తలుపుని పైకెత్తి వదిలాడు. అది ఊడబోయే పాలపన్నులా కదిలింది. లాకు నాలుకకి సుద్ద పూసి తలుపు మూసి, సుద్ద ఎక్కడ అంటిందో చూశాడు. తలుపు అంచున ఉన్న సొట్టని వేలితో తడిమాడు. తరవాత మసిగుడ్డతో చెయ్యి తుడుచుకుని అసలు పని మొదలుపెట్టాడు.

"ఇది ఎప్పణ్ణించి పడనంటోందండి?"

"నిన్నట్నించి," అన్నాడు బల్ల మీద కూర్చున్న బసవేశ్వరరావు.

"నిన్న ఏ వేళప్పుడండి?"

"నేను బాపట్ల వెళ్ళి వచ్చేసరికి ఇలా ఉంది."

"అంటే తమరు లేనప్పుడన్నమాట. అప్పుడు కారు ఎక్కడుందండి?"

"ఇంట్లో."

"ఇంట్లో ఎవరున్నారండి?"

సీతారావమ్మ గాజులు లెక్కపెట్టుకోవటం మొదలుపెట్టింది. యలమంద కాలవలో నీళ్ళు ఎన్నడూ చూడనివాడిలా చూస్తున్నాడు.

"ఎవరుంటారయ్యా? మా ఆవిడ, వీడు, గేదెలు."

"గేదెలు ఎన్నండి?"

"తలుపు బాగుచేస్తావా, జనాభా లెక్కలు రాస్తావా?"

"బాగుచేస్తానండి. బుధవారం రండి."

వెళ్ళేముందు బసవేశ్వరరావు అతన్ని పక్కకి పిలిచి, యలమంద సంగతి గట్టిగానే చెప్పాడు. "తప్పెవరిదో నాకు తేలాలి. వాడిదైతే వాడు ఉండడు." ఆశీర్వాదం తల ఊపి, "వాడికి పిల్లలెంతమందండి?" అని అడిగాడు.

ఆ అయిదు రోజులూ సీతారావమ్మకి అన్నం సయించలేదు. రోజుకొక కబురు వచ్చేది. శనివారం ఆశీర్వాదం బాపట్లలో కనిపించాడట. కారు అమ్మిన ఓవర్సీరు చెంచురామయ్యగారిని నిద్రలేపి, "తమరు అమ్మినప్పుడు ఎడమ తలుపు ఎలా పడేదండి?" అని అడిగాడట. ఆయన, "బీరువా మూసినట్టు పడేదయ్యా! ఎవడయ్యా నా తలుపుని పాడుచేసింది?" అని పడకకుర్చీలోంచి లేచాడట. పదకొండేళ్ళ కిందట అమ్మేసిన కారు మీద ఆయనకి మళ్ళీ ప్రేమ పుట్టి, సాయంత్రం దాకా దాని చిన్నతనం గురించి చెప్పుకొచ్చాడట.

సోమవారం భట్టిప్రోలులో కనిపించాడు. అక్కడ బసవేశ్వరరావు పొలం ఉంది. పొలం పని చూసే ప్రభుదాస్‌ని గట్టు మీద కూర్చోబెట్టుకుని గంటసేపు అడిగాడట. ఏమడిగాడో ప్రభుదాస్ ఎవరికీ చెప్పలేదు, ఆశీర్వాదం చెప్పవద్దన్నాడట. అటునించి అటే రైలెక్కి రేపల్లె వెళ్ళి, లేతు మిషనువాడి చేత కొత్తగా ఏవో ఇనుప పుల్లలు చేయించాడట.

"ఒక్క తలుపు కోసం మూడూళ్ళు తిరుగుతున్నాడంటే ఎంత శ్రద్ధో చూడు," అన్నాడు బసవేశ్వరరావు సంతోషంగా. "వాడు దొంగని పట్టకుండా వదలడు."

సీతారావమ్మకి పొలమారింది.

మంగళవారం మధ్యాహ్నం సైకిలు చప్పుడైంది. భర్త భోంచేసి కునుకు తీస్తున్నాడు. ఆమె దొడ్లోకి వచ్చేసరికి ఆశీర్వాదం కొట్టం దగ్గర గేదెల్ని లెక్కపెడుతున్నాడు. అయిదు. లెక్క తేలాక రాట ముందు గొంతుక్కూర్చున్నాడు. రాట మీద నడుమెత్తున నల్లరంగు గీత స్పష్టంగా కనిపిస్తోంది. నాలుగు రోజులుగా పేడ రాసి కప్పిపెడదామని ఆమె అనుకోవటం, ఎవరైనా చూస్తారని మానుకోవటం.

"అమ్మగారూ, కారు వెనక్కి వస్తున్నప్పుడు ఎడమ తలుపు తెరిచుంటేనే అలాంటి దెబ్బ తగిలిద్ది. అవునా అండి?"

"ఏమో, నాకేం తెలుసు?"

"తలుపు తెరిచి వెనక్కి చూసేవాడు ఒకడు ఎడమపక్కన ఉండాలి కదండి? యలమందే కదా ఉంది? మరి యలమంద ఇటు కూర్చుని చూస్తుంటే, అటు చక్రం దగ్గర..."

అక్కడ ఆగిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక ఆశీర్వాదం సగంలో వదిలేసిన ప్రశ్న అదొక్కటే. సీతారావమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. అతను ఆమె మొహం వంక చూడలేదు. కాళ్ళ వంక చూశాడు. నేల మీద ఆమె తడిపాదం ముద్ర పడితే, జేబులోంచి పురికొస ముక్క తీసి ఆ ముద్రని కొలిచి, ముడివేసుకుని, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

నేరస్థుల వేలిముద్రలు తీసుకుంటారని ఆమె విన్నది. కాలిముద్రలు కూడా తీసుకుంటారని అప్పుడే తెలిసింది. ఆ సాయంత్రమే నిశ్చయించుకుంది. యలమంద పేరు అతని నోట రాకముందే తనే చెప్పేస్తుంది. తాళంచెవి ఇనప్పెట్టెలోకి పోతే పోనీ.

బుధవారం ముగ్గురూ షెడ్డుకి వెళ్ళారు. కారు తళతళలాడుతోంది. సొట్ట ఉన్నచోట ఇప్పుడు సొట్ట లేదు. ఆశీర్వాదం బసవేశ్వరరావుని బల్ల మీద కూర్చోబెట్టాడు.

"తేలిందా?" అన్నాడాయన.

సీతారావమ్మ ముందుకొచ్చింది. "ఏవండీ, ఆ తలుపు..."

"అమ్మగారూ!" అన్నాడు ఆశీర్వాదం గట్టిగా. "ఆవకాయకి ఈ ఏడు ఎన్ని కాయలు కొట్టించారండి?"

"రెండొందలు... అది కాదు, ఆ తలుపు..."

"రెండొందలే? ఏడాదంతా చాలతాయాండి?" అనేసి, ఆమె నోరు తెరిచేలోగా ఇటు తిరిగాడు. "బాబుగారూ, భట్టిప్రోలు పొలం చూడటానికెళ్ళినప్పుడు తమరు కారు దిగుతారాండి?"

"దిగి ఆ బురదలో నడవమంటావా?"

"మరి పొలం ఎలా కనబడిద్దండి?"

"తలుపు తీసి ఫుట్‌బోర్డు మీద నిలబడతాను. నీళ్ళు ఏ మడిలో ఉన్నాయో, ఎవడు పని చేస్తున్నాడో, ఎవడు బీడీ కాలుస్తున్నాడో అంతా కనబడుద్ది."

"నిలబడి చేత్తో ఏం పట్టుకుంటారండి?"

"తలుపు."

"ఊరికే పట్టుకుంటారా, ఆనుకుంటారాండి?"

"ఆనుకుంటే తప్పా? అవతల గట్టు దాకా కనబడాలంటే వంగొద్దూ?"

"వారానికి ఎన్నిసార్లండి?"

"నాలుగు."

"ఎన్నేళ్ళుగానండి?"

"పదకొండు..." అంటూ బసవేశ్వరరావు ఆగాడు.

ఆశీర్వాదం తలుపు మడతబందుల్లోంచి తీసిన పాత ఇనుప పుల్లలు రెండు ఆయన చేతిలో పెట్టాడు. రెండూ నడుం దగ్గర అరిగిపోయి, పీల్చి పారేసిన చెరుకుముక్కల్లా ఉన్నాయి.

"తమరి బరువెంతండి?" అన్నాడు చాలా మర్యాదగా.

బసవేశ్వరరావు పుల్లల్ని తిప్పి తిప్పి చూశాడు. "అంటే... నేనా?"

"నేనలా అన్లేదండి. అడిగానంతే."

"మరి ఆ సొట్ట?"

"తలుపు వేలాడిపోయి ఉంటే దేనికో దానికి తగులుకోదాండి?"

"తగులుకుంటది!" అన్నాడు బసవేశ్వరరావు, దొంగని తనే పట్టినంత గట్టిగా. తరవాత యలమంద వైపు తిరిగి, తిట్టటానికి తెరిచిన నోటితోనే, "నేనలా వేలాడుతుంటే పదకొండేళ్ళుగా చూస్తూ ఊరుకుంటావా? చెప్పొద్దూ?" అన్నాడు.

"తమరు అడగలేదండి," అన్నాడు యలమంద.

బసవేశ్వరరావు లేచి వెళ్ళి తలుపు మూశాడు. అది బీరువా మూసినట్టు పడింది. తీశాడు, మూశాడు. ఆయన మొహం విప్పారింది. చిన్నపిల్లాడిలా ఆ తలుపు దగ్గరే ఉండిపోయాడు. ఆ సందులో సీతారావమ్మ షెడ్డు వెనక్కి వెళ్ళింది. ఆశీర్వాదం చేతులు కడుక్కుంటున్నాడు, సారా చెంబుతో నీళ్ళు పోస్తోంది.

"ఎందుకలా అబద్ధం చెప్పావు, ఆశీర్వాదం?"

"నేనేమన్నా చెప్పానా అమ్మా?"

నిజమే. అతను ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

"మీ దెబ్బకి తలుపు పావంగుళం వంగింది," అన్నాడతను గొంతు తగ్గించి. "చెక్కదిమ్మ అడ్డంపెట్టి మోకాలితో ఒక్క తోపు తోశాను, శుక్రవారం మీరు జట్కా ఎక్కేలోపే సరైపోయింది. కాని బందులు అరిగింది మీవల్ల కాదు. ఉన్న తప్పులో ఎవరి వాటా ఎంతో తేల్చకుండా, ఆఖర్న ముట్టుకున్నవాళ్ళ మీద అంతా వెయ్యొచ్చాండి? మీరు తగిలించి కాపాడారుగాని, ఇంకో ఏడాదికి బాబుగారు తలుపుతో సహా మడిలో పడేవారు."

"నా సంగతి ఎవరికైనా చెప్పావా?"

సారా చెంబు దించి నవ్వింది. "ఈయనా? నాకే చెప్పడమ్మా. ఇప్పుడు మీతో అంటుంటేనే వింటున్నా. మూడూళ్ళ సంగతులూ అడిగి తెచ్చుకుంటాడు, ఒక్కటి బయటికి రానివ్వడు. పక్కింటామె సంగతి చెప్పించుకోవటానికి పాతికేళ్ళనించి ప్రయత్నం చేస్తున్నా."

సీతారావమ్మ ఆలోచించింది. నిజంగానే, ఆశీర్వాదం అడిగాడని అందరూ అనుకోవటమేగాని, ఆశీర్వాదం చెప్పాడని ఎవరైనా అనగా ఆమె ఎన్నడూ వినలేదు.

"ఒక్క మాట అడుగుతానమ్మా," అన్నాడతను. "బ్రేకు దాకా మీ కాలు అందట్లేదు కదూ?"

ఆమె సిగ్గుపడి తల ఊపింది. "మునివేళ్ళు తగులుతాయి. మడమ ఆనదు."

"అదీ సంగతి. తోలటం రాక కాదు. చక్రం దగ్గరి సీటు ముందుకి జరిపి బిగించాను. పెడళ్ళ మీద రెండంగుళాల చెక్కలు వేశాను, మీ పాదం కొలతకి. ఊడదీసేవి పెడితే ఎక్కడ దాస్తారని గట్టిగానే బిగించాను."

"మరి యలమంద? అతనికి ఇబ్బంది కాదూ?"

"అడిగానమ్మా. సర్దుకుంటానన్నాడు."

యలమంద తాటిచెట్టంత మనిషి. ఇంటికి వెళ్తుంటే అతని మోకాళ్ళు చక్రానికి రెండుపక్కలా లేచి, ఒక మలుపులో గడ్డానికి కూడా తగిలాయి. గేరు మార్చాలంటే మోకాలు పక్కకి జరపాలి, చక్రం తిప్పాలంటే రెండు మోకాళ్ళూ ముడుచుకోవాలి. అయినా అతని మొహం మాత్రం పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది. పక్కసీట్లో బసవేశ్వరరావు కాసేపు తలుపుని నిమిరి, కాసేపు అతన్ని చూసి, ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఏంటి యలమందా, మిడతలా కూర్చున్నావు?"

"ఇలా కూర్చుంటే మోకాళ్ళకి మంచిదటండి."

"ఎవరన్నారు?"

"ఆశీర్వాదం చెప్పాడండి."

"ఆశీర్వాదమా?" బసవేశ్వరరావు నోరు తెరిచాడు. "వాడు చెప్పటం ఎప్పుడు మొదలెట్టాడు?"

వెనకసీట్లో సీతారావమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, కిటికీలోంచి కాలవ అవతలి చేలకేసి చూసింది.